కాళ్ళు విరవని ట్రాన్సిస్టర్లు

నెయిల్ పాలిష్ తుడిచే మందు సీసా నా చొక్కా జేబులో దొరికిన రోజు మా ఆవిడ పొద్దుటినుంచీ నాతో మాట్లాడలేదు. మేముండేది ఫిల్మ్ నగర్‌లో. నేను చేసేది వీడియో గేమ్ మానిటర్ల రిపేరు. ఈ రెంటికీ మధ్య ఆ సీసాకు చోటెక్కడిదో ఆవిడకు అంతుబట్టలేదు. ట్రాన్సిస్టర్ మీద అక్షరాలు అసలువో కావో తేల్చుకోవడానికి కొన్నానని చెప్పాను. "ట్రాన్సిస్టర్లకు గోళ్ళెక్కడివి?" అంది. దూదితో రుద్ది చూపిస్తే తప్ప నమ్మనని కూర్చుంది. చూపించాను. ఆ రుద్దడంలో బయటపడ్డదాని గురించి చెప్పాలంటే ముందు కొంత వెనక్కి వెళ్ళాలి.

తప్పు ఆవిడది కాదు. అనుమానం మా ఇంటికి నేను తెచ్చిన జబ్బే. గుడివాడ నుంచి హైదరాబాద్ వచ్చిన కొత్తలో పాలవాడి కొలపాత్ర అడుగున వేలు పెట్టి చూసేవాణ్ణి. కిరాయి ఇంటి కరెంటు మీటరు మెయిన్ ఆపేసినా తిరుగుతోందేమోనని స్టూలెక్కి కూర్చునేవాణ్ణి. అంత జాగ్రత్తగా ఉండి కూడా ఓసారి శ్రీనగర్ కాలనీ మలుపులో పోలీసు ఆపగానే స్కూటర్ కాగితాలన్నీ తీసి చూపించాను. అతను శ్రద్ధగా అన్నీ చదివి, బాగున్నాయని తిరిగిచ్చి, టీ తాగడానికి వెళ్ళిపోయాడు. పక్కన షూటింగ్ జరుగుతోందనీ, అతను జూనియర్ ఆర్టిస్టనీ టీకొట్టువాడు చెప్పాడు. ఆ రోజు నుంచి నిజం పోలీసును కూడా నేను సగమే నమ్మాను.

అవి అమీర్‌పేటలో ఖాళీ గోడ కనబడితే చాలు జావా కోర్సు పోస్టర్ అంటించే రోజులు. మాదాపూర్ బండల మీద అద్దాల మేడలు లేస్తున్నాయి. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ఓ కాంప్లెక్స్ సెల్లార్‌లో ఒకాయన గేమ్ పార్లర్ పెట్టాడు. అంతకుముందు ఆయన సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజర్. కొత్తగా జీతాలందుకుంటున్న సాఫ్ట్‌వేర్ వాళ్ళు సాయంత్రాలు వచ్చి బిళ్ళలు వేసి ఆడేవాళ్ళు. మెషీన్లు మాత్రం ఎక్కడో విదేశాల్లో ముసలివైపోయి ఓడెక్కి వచ్చినవి. మనిషెత్తు చెక్క పెట్టె, లోపల బరువైన పిక్చర్ ట్యూబు, ముందు ఓ కర్ర, నాలుగు బొత్తాలు. వాటి తెరలు వెలుగుతూ ఉండేలా చూడటం నా పని.

ఆ మానిటర్లో అందరికంటే ఎక్కువ చాకిరీ చేసేది మూడు కాళ్ళ నల్ల ట్రాన్సిస్టర్ ఒకటి. బొమ్మను ఈ చివర నుంచి ఆ చివరకు సాగదీసేది అదే. అది పోతే తెర నల్లగా మిగులుతుంది. కొత్తది కావాలంటే కోఠీలో విడిభాగాల కొట్టుకు పోవాలి. పోకుండా తెచ్చిచ్చే మనిషి ఒకాయన నాకుండేవాడు. ఆ కొట్టు కౌంటర్ వెనక ఇరవై ఏళ్ళుగా నిలబడ్డ మనిషి, ఇల్లు షేక్‌పేట. పొద్దున ఫోన్ చేసి చెబితే సాయంత్రం బస్సు దిగి ఇంటికి పోతూ ఫిల్మ్ నగర్‌లో నా షాపులో ఇచ్చిపోయేవాడు. కాళ్ళు వంగకుండా వాటిని టిఫిన్ క్యారియర్ పై గిన్నెలో పెట్టుకుని తెచ్చేవాడు. గిన్నె ఎంత కడిగినా నా ట్రాన్సిస్టర్లు చింతకాయ తొక్కు వాసన కొట్టేవి. ఆయన నన్ను "తమ్మీ" అని పిలిచేవాడు. మా సొంత అన్నయ్య నన్ను "ఒరేయ్" తప్ప ఇంకో మాట అని ఎరగడు, అందుకేనేమో ఆ పిలుపు నాకు తీపిగా ఉండేది.

కొత్తలో ఓసారి నేను పాడైన ట్రాన్సిస్టర్‌ను అలాగే చెత్తబుట్టలో వేయడం చూసి ఆయన వంగి తీశాడు. దాని మూడు కాళ్ళూ మొదలంటా విరిచి మళ్ళీ బుట్టలో వేశాడు. "సచ్చినదాని కాళ్లు ఇరగ్గొట్టాలె తమ్మీ. లేకుంటే నడుసుకుంట మల్ల బజార్లకొస్తది," అన్నాడు. నవ్వాను గానీ అప్పటినుంచి విరుస్తూనే ఉన్నాను. దానికి తోడు నా సొంత అలవాటు ఇంకొకటి. తీసేసిన ప్రతిదాని వీపు మీద సూదితో లోతుగా "చ" అని గీసేవాణ్ణి, చచ్చింది అని గుర్తు. పూర్తిగా చచ్చినవి మీటరు పెట్టగానే తెలిసిపోతాయి. సగం చచ్చినవే ప్రమాదం. మీటరుకు బాగానే చూపిస్తాయి, గంట వేడెక్కాక చేతులెత్తేస్తాయి. వాటికీ "చ" పడేది. బల్ల మీద కొత్తవాటిలో కలిసిపోకుండా ఉండాలి కదా.

తర్వాత మా వీధికి ఒక పాత సామాన్లవాడు రావడం మొదలుపెట్టాడు. ఆఫీసుల్లో పారేసిన కంప్యూటర్లు బండినిండా వేసుకుని తిరిగేవాడు. నా బుట్టలోని విరిగిన ముక్కలు చూసి, కాళ్ళు విరవకుండా ఉంచితే అన్నీ తీసుకుంటాననీ, బదులుగా స్టీలు డబ్బా ఇస్తాననీ అన్నాడు. మా ఆవిడ అప్పటికే మూత బిగుతుగా ఉండే డబ్బా కావాలని పోరుతోంది. అప్పటినుంచి విరవడం మానేసి, పోగైనవన్నీ అతనికే ఇచ్చేశాను. డబ్బా అడుగున సొట్టుందేమోనని తిప్పి చూశాను. మూత రెండుసార్లు పెట్టి తీసి చూశాను. పాత ఇనుము కొనేవాడికి చచ్చినదాని కాళ్ళతో పనేమిటని మాత్రం అడగలేదు.

ఇది జరిగిన ఆరేడు నెలలకు పార్లర్‌లో తెరలు వరసగా ఆరిపోసాగాయి. వేసిన ట్రాన్సిస్టర్ వారం తిరక్కుండా పోయేది. నాకు ముందు పార్లర్ కరెంటు మీద అనుమానం వచ్చింది. ఆ తర్వాత బిళ్ళలు అమ్మే మనిషి మీద, సెల్లార్ చెమ్మ మీద వచ్చింది. ఇంతలో అక్కడ ఓ పాట షూటింగ్ పెట్టుకున్నారు. పార్లర్ ఆయన పాత పరిచయాలన్నీ వాడి పట్టుకున్న అవకాశం అది. పార్లర్ ఓసారి తెరమీద పడితే ఊరంతా వస్తుందని ఆయన ఆశ. మెషీన్లన్నిటికీ కొత్త ట్రాన్సిస్టర్లు వేసి, పక్కన నిలబడ్డాను. మొదటి షాట్, హీరో కర్ర పట్టుకుని ఇటు తిరిగాడు. టప్పుమని చిన్న చప్పుడు, కాలిన వాసన, తెర నల్లబడింది. మొదటి షాట్‌కే దీపం ఆరినట్టయిందని ఎవరో గొణిగారు. మధ్యాహ్నానికి లైట్లు, ట్రాలీలు సర్దుకుని వేరేచోటికి వెళ్ళిపోయారు.

"మీరు పదేళ్ళుగా చేస్తున్నారని నమ్మానండీ," అన్నాడు పార్లర్ ఆయన. తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రమే ఫ్యాన్సీ షాపులో సీసా కొన్నాను. అసలు సరుకైతే ఆ మందు ఎంత రుద్దినా అక్షరం కదలదు. మిగిలిన వాటిలో ఒకదాని మీద దూది పెట్టి ఓ మూల రుద్దితే అక్షరాలు నల్లగా దూదికెక్కాయి. కాళ్ళు కూడా రవ్వంత పొట్టిగా ఉన్నాయని అప్పుడు గమనించాను. ఇంక నా కోపానికి పట్టపగ్గాల్లేవు. కొట్టు పెద్దది, పాతది. అక్కడి సరుకు మంచిదే అయ్యుండాలి. మరి కోఠీకీ ఫిల్మ్ నగర్‌కూ మధ్య దాన్ని ముట్టుకునేది ఎవరు? నా బుర్ర తిన్నగా టిఫిన్ క్యారియర్ దగ్గరకు వెళ్ళి ఆగింది. ఆ ట్రాన్సిస్టర్‌ను పూర్తిగా తుడిచి చూద్దామన్న ఆలోచన రాలేదు. నాకు కావలసింది రుద్దిన ఆ మూలలోనే దొరికిపోయింది.

మర్నాడు కోఠీ వెళ్ళి, కొట్టు నిండా జనం ఉండగా, ఆ దూదిని కౌంటర్ మీద పెట్టాను. కొట్టు యజమానితో, మీ సరుకు మంచిదే, దారిలో మారుతోంది అన్నాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ నేను పట్టానని కూడా అన్నాను. ఆ సామెత అనేటప్పుడు నాకు కలిగిన తృప్తి గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతుంది.

ఆయన నా వైపు చూశాడు. "తమ్మీ, నేను మార్సిన అంటున్నవా?"

"నేననడం లేదు. ఈ దూది అంటోంది."

ఆయన కింద పెట్టుకున్న టిఫిన్ క్యారియర్ తీసి, పై గిన్నె విప్పి, కౌంటర్ మీద బోర్లించాడు. దాంట్లో ఏమీ లేదు. "ఇగ మీ ఇష్టం సార్," అన్నాడు. సార్ అన్నది యజమానిని కాదు, నన్ను. యజమాని అక్కడికక్కడే రేపటి నుంచి రావద్దని చెప్పేశాడు. ఇరవై ఏళ్ళ మనిషిని పంపడానికి అరనిమిషం పట్టలేదు. అంత తొందరెందుకని అనుమానపడాల్సిన ఒకే ఒక్క చోట నేను అనుమానపడలేదు.

నెల తర్వాత మా ఆవిడకు సీసా దొరికింది. బల్ల సొరుగులో అదే సరుకులోది ఇంకొకటి మిగిలి ఉంటే తీసుకుని ఆవిడ ముందు కూర్చున్నాను. దొంగ సరుకు ఎలా ఉంటుందో చూడమని ముందు వైపూ, వెనక వైపూ అంతా రుద్దాను. పైన పూసిన నల్లరంగు పోయి, కింద బూడిద రంగు, ఆకురాయితో పైపైన రుద్దిన గీతలు కనిపించాయి. మా ఆవిడ దగ్గరగా తీసుకుని చూసింది.

"ఇక్కడ చ అని ఉందేంటి?" అంది. "మీ చ కదూ ఇది. సరుకుల చీటీలో చింతపండుకు కూడా ఇలాగే తోక లాగుతారు."

చేతిలోంచి లాక్కుని చూశాను. నాదే. నేను చంపి, గుర్తు పెట్టి, స్టీలు డబ్బాకిచ్చినది, రంగు పూసుకుని నడుచుకుంటూ నా ఇంటికే వచ్చింది.

మనసు ఇంకా ఒప్పుకోలేదు. కోఠీ వెళ్ళాను. కౌంటర్ వెనక ఎవరో కొత్త మనిషి ఉన్నాడు. నాలుగు ట్రాన్సిస్టర్లు అడిగి, అతను సొరుగులోంచి తీస్తుండగా కళ్ళారా చూసి, మెట్ల మీద కూర్చుని తుడిచాను. రెంటి మీద "చ" తేలింది. మధ్యలో టిఫిన్ క్యారియర్ లేదు, షేక్‌పేట బస్సు లేదు. లోపలికి వెళ్ళి యజమాని ముందు పెడితే ఆయన కంగారు పడలేదు. "మీ మాల్ మీకే ఒచ్చింది. ఇగ లొల్లి ఎందుకు?" అన్నాడు. ఆ పెద్దాయనను తిరిగి పిలవమన్నాను. వేరే గిరాకీతో మాటల్లో పడ్డాడు.

షేక్‌పేటలో ఇల్లు వెతుక్కుని వెళితే ఆయన భార్య తలుపు దగ్గరే నిలబడి, మాదాపూర్‌లో ఓ అద్దాల మేడ గేటు డ్యూటీకి పోయిండని, దాని పేరు చెప్పింది. ఎండన పడి వచ్చినవాణ్ణి నీళ్ళు కావాలా అని అడగలేదు. నేనెవరో ఆమెకు తెలుసు.

ఆ అద్దాల మేడ గేటు దగ్గర నీలం యూనిఫాంలో, టోపీ పెట్టుకుని ఉన్నాడు. వచ్చేపోయేవాళ్ళ సంచులు చూడటం ఆయన ఉద్యోగం. నన్ను చూసినా ఆయన ముఖంలో ఏ మార్పూ రాలేదు. రిజిస్టర్ ముందుకు తోశాడు. పేరు రాశాను. ఎవరిని కలవాలి అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. "నీ కోసమే వచ్చానన్నా," అన్నాను.

"బ్యాగ్ తెరువుండ్రి సార్."

తెరిచాను. స్క్రూడ్రైవర్లు, మీటరు, సీసా, కాగితం పొట్లం. పొట్లం విప్పి, ట్రాన్సిస్టర్ తిప్పి, ఆ అక్షరాన్ని బొటనవేలితో తడిమాడు. నా బల్ల మీద దాన్ని ఎన్నోసార్లు చూసినవాడే. నేను గబగబా అంతా చెప్పాను. పాత సామాన్లవాడు, కొట్టు, నా తొందర. ఆ కొట్లోనే, అంతమంది ముందే, తప్పు నాదని చెబుతానన్నాను. నేను చెబుతుండగానే ఇంకో ఇద్దరి సంచులు చూసి లోపలికి పంపాడు.

చివరికి అడిగాడు. "కాళ్లెందుకు ఇరగ్గొట్టలేదు సార్ మీరు?"

"డబ్బా ఇచ్చాడన్నా," అన్నాను. అంతకంటే సిగ్గుమాలిన మాట నా జీవితంలో నేను అనలేదు.

ఆయన తల ఊపాడు. ట్రాన్సిస్టర్‌ను వేళ్ళ మధ్య పట్టుకుని ఒక కాలు విరిచాడు, రెండోది విరిచాడు, మూడోది రెండుసార్లు వంచితే ఊడింది. అన్నీ పొట్లంలో కట్టి నా బ్యాగులో పెట్టి, జిప్పు కూడా తనే లాగాడు.

"గా కొట్టుకు మల్ల పోను సార్. గీడ మంచిగనే ఉంది. దినమంత అందరి బ్యాగులు చూస్త, ఒక్కరు గూడ తప్పు పట్టరు."

పొయ్యిరా తమ్మీ అంటాడేమోనని బ్యాగు భుజానికి తగిలించుకుని కూడా అక్కడే నిలబడ్డాను. వచ్చినప్పుడల్లా నా షాపు మెట్లు దిగుతూ పొయ్యొస్త తమ్మీ అనేవాడు. నా వెనక వరస పెరిగింది. ఆయన నా భుజం మీదుగా వెనకవాళ్ళను చూస్తూ అన్నాడు.

"సార్, జర పక్కకు జరుగుండ్రి."

జరిగాను.