రాకెట్టుకు వెలిగే కిటికీలు

నా చిన్నప్పుడు, కోయంబత్తూరులో మేము మిల్లు లైను ఇళ్ళలో ఉన్న రోజుల్లో, నాకు తట్టు పోసింది. అమ్మ కాన్పుకని ఉడుమలైపేటలోని పుట్టింట్లో ఉంది. పసిబిడ్డతో రావడానికి వీల్లేదు. వెనక గదిలో నన్ను పడుకోబెట్టి, కిటికీకి పాత చీర కట్టి, నాన్నను కన్న అవ్వ ఒక్కతే లోపలికి వచ్చి గంజి తాగించి పోయేది. నాన్నకూ మామకూ ఎప్పుడూ తట్టు రాలేదు గనక, అంటుకుంటుందని ఇద్దరినీ గడప తొక్కనివ్వలేదు. కళ్ళకు చెరుపని దీపం కూడా పెట్టనిచ్చేది కాదు. అంతకు ముందే ఎదురింటి పిల్ల ఆ జబ్బుతోనే పోయింది. నాకు ఎవరూ చెప్పలేదు గానీ ఏడుపులు వినిపించాయి. ఇక నా వంతే అనుకుంటూ చీకట్లో పడుకునేదాన్ని.

మామ, అంటే అమ్మ తమ్ముడు, మాతోనే ఉంటూ తుడియలూరులో పంపులు చేసే వర్క్‌షాపుకు వెళ్ళేవాడు. చిన్న చిన్న రాకెట్లు చేసి ఎగరెయ్యడం అతనికి సరదా. నాకు జబ్బు రాకముందు ఇద్దరం కలిసి ఒకటి మొదలుపెట్టాం. అట్ట చుట్టి ఒళ్ళు చేశాం. మిల్లులో నూలు చుట్టే కాగితపు కోను దానికి ముక్కయింది. రంగులు వెయ్యడమే మిగిలింది.

ఒక సాయంత్రం అవ్వ దాన్ని తెచ్చి నా ఎదుట గూట్లో నిలబెట్టింది. గది మసకబారేసరికి రాకెట్టు పొడుగునా చిన్న చిన్న కిటికీలు ఆకుపచ్చగా వెలిగాయి. రెక్కల అంచులు వెలిగాయి. గడియారాలు బాగుచేసే స్నేహితుణ్ణి అడిగి, ముళ్ళకు పూసే రంగు మామ తెచ్చాడట. పగలు ఎండలో పెడితే చాలట. ఈ వెలుతురు కంటికి చెరుపు కాదని అవ్వను ఎలాగో ఒప్పించాడు.

అయితే కాసేపటికే కిటికీలన్నీ ఆరిపోయాయి. అంతకు ముందుకంటే ఎక్కువ ఏడ్చాను. అది విని, నన్ను ముద్దుగా ‘కన్ను’ అని పిలిచే మామ తలుపు అవతలి నుంచి అన్నాడు:

"ఆ రంగు అంతే కన్ను, కొంచేపుండి ఆరిపోతాది. ఆరినాక గోడ తట్టు. నేను ఈ పక్కనే ఉంటా, తిరిగి తడతా."

మరునాటి నుంచి అలాగే జరిగింది. రాకెట్టు ఆరిపోగానే గోడ తట్టేదాన్ని. అవతలి నుంచి జవాబు వచ్చేది. బడి సంగతులూ, పుట్టిన తమ్ముడి మీద కోపమూ అన్నీ గోడకు చెప్పేదాన్ని. మాట వచ్చేది కాదు, తట్టిన చప్పుడే వచ్చేది. ఒకరోజు, నాన్నకు నేనంటే ఇష్టం లేదు, ఒక్కసారైనా తలుపు దగ్గరికి వచ్చి పలకరించలేదు అన్నాను. ఆరోజు జవాబు చాలా ఆలస్యమైంది. వచ్చినప్పుడు మెల్లగా వచ్చింది. చాలాసేపు ఆగలేదు.

తగ్గాక వేపాకు నీళ్ళు పోసుకుని బయటికి వచ్చాను. అన్నాళ్ళూ ఎందుకు మాట్లాడలేదని మామను అడిగాను. మామ తల దించుకున్నాడు.

"నీకు చెప్పిన మర్నాడే నాకు రెండో షిఫ్టు వేసేసినారు కన్ను. తట్టింది మీ నాయన."

నాన్న మిల్లు నుంచి వచ్చి, జుట్టుకు అంటిన దూది కూడా దులుపుకోకుండా, ఆ గోడ పక్కన కింద కూర్చునేవాడట. మాట్లాడు అని అవ్వ పోరితే, నాకు ఏం చెప్పేదో తెలవదు అన్నాడట. నేను అన్న మాటలన్నీ ఆయన విన్నాడు. ఆ సాయంత్రం వాకిట్లోకి వెళ్ళి ఆయన ఎదుట నిలబడ్డాను. ఆయన నన్ను చూసి, "గంజి తాగినావా పాపా?" అని మాత్రం అన్నాడు.

ఆ ఆదివారం మునిమాపు వేళ మిల్లు వెనక మైదానంలో నాన్నే వత్తి అంటించాడు. రాకెట్టు పైకి లేచి, మైదానం గోడ దాటి ఎక్కడో పడిపోయింది. మేము వెతకలేదు.

ఇప్పుడు నాన్న లేడు, మామ లేడు. ఏదో బాధ ఉండి, అది చెప్పడానికి మాట దొరకని ఇరుగుపొరుగువాళ్ళు అప్పుడప్పుడు వచ్చి ఊరికే నా దగ్గర కూర్చుంటారు. ఎందుకొచ్చారని నేను అడగను.