గోడమీది ఫొటో

2004 ప్రాంతంలో నేను డిగ్రీ చదువుతున్నాను. తనకల్లులోని మా ఇంట్లో దయ్యం సినిమా తీస్తామని ఎవరో అడిగితే నాయన సరేనన్నాడు. అది కదిరిలో విడుదలైతే ఇద్దరం మ్యాట్నీకి వెళ్లాం.

ఎవరికో దొరికిన హ్యాండీక్యామ్ క్యాసెట్ అన్నట్టు తీశారు. ఊగే కెమెరా, అరుపులు తప్ప కథే లేదు. చివర్లో దయ్యం ఈమేనంటూ ఒక ఫొటో చూపించారు. మా ఇంటి గోడమీద ఉండే, చనిపోయిన మా అమ్మది! కళ్లకు ఎర్రరంగు పెట్టారు. హాలంతా నవ్వింది.

నాయన లేచి, "ఏమప్పా, నవ్వుతాండారు? ఆయమ్మ నా పెండ్లాం!" అని అరిచాడు. నేను ఆపరేటర్ గది తలుపు బాది ఆట ఆపించాను.

దర్శకుడికి ఫోన్ చేస్తే, "ఏదో ఒక ఫొటో కావాలి కదండీ" అన్నాడు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అమ్మ తీయించుకున్నది ఆ ఒక్క ఫొటోనే.