ఏరి పక్కకేసిన బత్తాయిలు

కొత్తపేట పండ్ల మార్కెట్‌లో తిరుపతమ్మ ఇరవై రెండేళ్లు బత్తాయిలు ఏరింది. నల్లగొండ లారీ దిగగానే కుప్ప ముందు కూర్చునేది. కాయ అరచేతిలో ఒకసారి తిరిగితే చాలు, గట్టిదో మెత్తబడిందో ఆమెకు తెలిసిపోయేది. 2021లో మార్కెట్ ఊరవతలి బాటసింగారానికి పోయింది. పదిహేను రోజులు ఆటోలు మారి తనూ పోయింది. తర్వాత సేటు అక్కడి ఊళ్లవాళ్లనే పనికి పెట్టుకున్నాడు. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తోంది.

ఆ హాస్టల్లోనే ఉంటుంది భావన. విజయవాడ అమ్మాయి, పీహెచ్‌డీ చేస్తోంది. ఒక పెద్ద సంస్థ తన చోటూ పద్ధతీ మార్చుకుంటే లోపలి మనుషులకు ఏమవుతుందన్నది ఆమె అంశం; అందుకు ఎంచుకున్నది ఈ పండ్ల మార్కెట్‌నే. ఒకరోజు ఆమె భోజనాల బల్ల మీద ప్రశ్నల కాగితాలు పేర్చుకుంటుంటే తిరుపతమ్మ ఆగింది.

"మా మార్కెట్ గురించేనా బిడ్డా? ఏమడుగుతున్నవ్?"

"మార్పు నచ్చిందా అని, ఆంటీ. ఒకటి నుంచి ఐదు దాకా ఏదో ఒక అంకెకి టిక్ పెట్టాలి. బాటసింగారంలో రెండొందల మందిని అడిగాను."

"గాళ్లంతా పనున్నోళ్లే గదా. నన్నడగవా మరి?"

"మీరిప్పుడు మార్కెట్లో లేరు కదా."

తిరుపతమ్మ నవ్వింది. "సదువుకున్నవ్ గని ఏరుడు రాదు నీకు. లారీల ఎంత కరాబైందో తెల్వాలంటే గంపల ఉన్నయి గాదు, ఏరి పక్కకేసినయి చూడాలె. ఒక్కొక్కటి చేతిల వట్టి ఒత్తి చూడాలె. జర కూసో, చెప్త."

భావన రెండు గంటలు విన్నది. లేచేముందు తిరుపతమ్మ అడిగింది, "నా ముచ్చట బుక్కుల రాస్తవ్ గదా?"

"రాస్తాను ఆంటీ."

మర్నాడే గైడ్ దగ్గరికెళ్లి పద్ధతి మార్చుకుంటానంది. పని పోయినవాళ్లని వెతికి, కొద్దిమంది దగ్గరే నెలల తరబడి కూర్చుంటానంది.

"మంచి పద్ధతేనమ్మా. కానీ నీకున్న గడువు నాలుగు నెలలు" అన్నాడాయన.

అంకెలే మిగిలాయి.

ఎండాకాలంలో బైండు చేసిన పుస్తకం వచ్చింది. తిరుపతమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని అందుకుంది. "ఏడున్న నేను?"

భావన చివరి పేజీలు తిప్పి, ఇంగ్లీషులో ఉన్న ఒక వాక్యం చూపించింది. తలెత్తకుండా తెలుగులో చెప్పింది: "మార్కెట్ వదిలి వెళ్లినవారిని ఈ అధ్యయనంలో చేర్చలేదు."



"మేం ఇడిసిపోలే బిడ్డా. మార్కెటే మమ్మల్ని ఇడిసిపోయింది."

తిరుపతమ్మ ఆ వాక్యం మీద బొటనవేలు పెట్టి, కాయను ఒత్తినట్టు, మెల్లగా ఒత్తి చూసింది. పుస్తకం మూసి భావన చేతికిచ్చి, పొయ్యి మీద అన్నం చూడటానికి లోపలికి పోయింది.