గోడలో గాజు, ఇంట్లో జ్వరం

“గోడకు బొక్క కొట్టి గాజు పెట్టుడేంది? కాలం ఎట్లున్నదో ఎరుకేనా?” మగ్గం దగ్గర్నుంచే అరిచాడు మా ఆయన.

“ఎరుకే కాబట్టే పెడుతున్న. తలుపు కొట్టింది పోలీసులో, అడవిల అన్నలో తియ్యకముందే చూడాలె. పైంగ పగటి వెలుగు ఉత్తగనే అస్తది. నీ మగ్గం కాడి దీపానికి కిరసనాయిలు మిగులుతది.”

“నువ్వు బయటికి చూస్తే బయటోళ్లు లోపటికి చూడరా?”

“నేనేమన్న పిచ్చిదాన్నా?”

ఈ ప్రశ్నకు జవాబు త్వరలోనే వచ్చింది. సిరిసిల్లలో మా వాడ వాడంతా విన్నది.

మెట్‌పల్లిలో కూలగొట్టిన పసుపు దుకాణం గాజు అది, బయటి నుంచి అద్దంలా మెరిసే రకం. పాత చీరలో చుట్టి, చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చాను. తలుపు పక్కన బిగించాక, మిట్టమధ్యాహ్నం వీధిలో నిలబడి ముక్కు ఆనించి చూశాను. నా బొట్టు, నా కొప్పు తప్ప లోపలిదేదీ కనిపించలేదు! లోపలికి వెళ్లి చూస్తే, ఎవరు ఏ కూర కొంటున్నారో కూడా తెలుస్తోంది. మగ్గం మీద వెలుగు పాలు ఒలికినట్టు పరుచుకుంది. రెండో తరగతితో ఆగిన చదువు నాది. అయినా ఆ పూట ఇంజినీరులా నడిచాను.

అప్పుడు మా ఒక్కగానొక్క బిడ్డ సుజాత అత్తగారి ఊరు కోరుట్ల నుంచి వచ్చి ఉంది. పంపమని వియ్యపురాలు కబురు పెట్టింది. నాకు మనసొప్పలేదు. జ్వరంతో మంచం దిగడం లేదని తిరుగు కబురు పంపాను.

“అవ్వా, మా అత్తమ్మ నమ్ముతదా?” అంది సుజాత.

“నేను చెప్తె నమ్మనిదెవ్వలే?”

మర్నాడు సాయంత్రం దీపం పెట్టి, సుజాతకు వేడి వేడి సర్వపిండి వేశాను. ఇంతలో తలుపు చప్పుడైంది. ఆ రోజుల్లో పొద్దుగూకాక తలుపు చప్పుడైతే ఎవరూ దాని దగ్గరికి పోయేవారు కాదు. నేను మాత్రం దర్జాగా గాజు దగ్గరికి వెళ్లాను. చూద్దును కదా, నా మొహమే!

మళ్లీ చప్పుడు. మా ఆయన, నేతప్పుడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలోకి మెడదాకా దిగిపోయాడు.

“సుజాతా, పండు! దుప్పటి కప్పుకో!” అని గుసగుసలాడి, తలుపువైపు తిరిగి గొంతెత్తాను. “ఇంట్ల మొగోళ్లు లేరు! బిడ్డకు జరం, సోయి లేదు! పొద్దుగాల రాండ్రి!”

బయటి నుంచి తాపీగా జవాబొచ్చింది.

“వదినే, నేనే, కోరుట్ల నుంచి. అన్నయ్యను గుంతలకెల్లి లెవ్వుమను, నడుము పట్టుకుంటది. సోయి లేని నా కోడలు సర్వపిండి నమిలి మింగినంకనే తలుపు తియ్యి, తొందరేం లేదు.”

తలుపు తీస్తే ఆమె వెనక సగం వాడ నిలబడి ఉంది. పగలు నా గుట్టు దాచిన గాజు, బయట చీకటి పడి లోపల దీపం వెలగగానే వాళ్ల పక్షాన చేరిపోయింది. దీపం పెట్టి కూడా ఒకసారి చూసుకోవలసింది నిజమే. కానీ ఉత్త పరీక్షకు కిరసనాయిలు తగలేస్తామా, మీరే చెప్పండి!

కొండగట్టు అంజన్న సాక్షిగా అక్కడికక్కడే ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఇక దీపం వెలుగులో అబద్ధమాడను. ఆడక తప్పకపోతే ముందు దీపం ఆర్పేస్తాను.

తెల్లారి మొదటి బస్సుకే అత్తాకోడళ్లు కోరుట్ల వెళ్లిపోయారు. మిగిలిన సర్వపిండి కూడా వియ్యపురాలు కట్టించుకుంది.