పాతాళం వేసిన మూడు బోర్లు

మంగళవారం మధ్యాహ్నానికి పాతాళం తన అక్క పెరట్లోని మూడు బోర్లలో పదకొండు డ్రమ్ముల నీళ్లు పోశాడు. నీళ్ల కోసం బోర్లు వేసే మనిషి బోరులోనే నీళ్లు పోస్తుంటే పక్కింటి ముసలాయన గోడ మీదనుంచి తొంగిచూశాడు.

"ఏమయ్యా, ఇన్నాళ్లూ తోడిందంతా తిరిగిచ్చేస్తున్నావా?"

పాతాళం ఇంకో డ్రమ్ము వంచాడు.

ఆ పేరు పెట్టింది బావ. అక్కతో పెళ్లైన కొత్తలో ఎప్పుడు భోజనానికి పిలిచినా "నూట ఇరవై అడుగుల్లో ఉన్నాను, ఇప్పుడు రాలేను బావా" అనేవాడు బావమరిది. "వీడికి భూమ్మీద పనేం లేదు, వీడి కాపురం పాతాళంలోనే" అన్నాడు బావ. అది ఊరంతా పాకింది. ముప్పై ఒక్కేళ్లలో పాతాళం వెయ్యికి పైగా బోర్లు వేశాడు. పైకొచ్చిన మట్టిని వేళ్ల మధ్య నలిపి, కింద రాయి తగులుతుందో ఇసుక తగులుతుందో చెప్పేవాడు. చాలాసార్లు నిజమయ్యేది.

బావ దుకాణాలకు బోర్డులు రాసేవాడు. మూడేళ్ల కిందట నిచ్చెన జారి పడి, మెడ దగ్గర వెన్నుపూస విరిగింది. ఛాతీ కింద స్పర్శ లేదు, చెమట పట్టదు. చెమట పట్టని ఒంట్లోకి ఎండ ఎక్కితే దిగే దారి ఉండదు. చలి పట్టినా అంతే. గది ఇరవై ఆరు డిగ్రీలు దాటకుండా చూసుకోగలిగితేనే ఇంట్లో ఉంచండి, లేకపోతే ఆసుపత్రి వార్డే గతి అన్నాడు డాక్టరు. ఆ వార్డులో చేరినవాళ్లు ఎండలు తగ్గాయని ఇంటికొస్తే మంచం ఇంకొకరికి వెళ్లిపోతుంది, మళ్లీ దొరకదు. అందుకే చేరినవాళ్లెవరూ తిరిగి రావడం లేదని అక్క వాకబు చేసి తెలుసుకుంది.

ఇల్లు బావ తాతగారి కాలంనాటిది. పైన రేకులు, వీధిలో అంతకన్నా పాత కరెంటు తీగ. ఏసీ పెడితే రెండుసార్లు తీగ కాలింది. అప్పుడు ఎవరో చెబితే ఒక ఇంజినీరమ్మ వచ్చి ఇల్లంతా చూసింది. భూమి లోపల ఏడాది పొడుగునా చల్లదనం ఇంచుమించు ఒకేలా ఉంటుందని, రెండు వందల అడుగుల బోర్లలో పైపులు దింపి నీళ్లు తిప్పితే ఎండాకాలం ఇంట్లో వేడిని కిందికి పంపొచ్చని, చలికాలం కింది వెచ్చదనాన్ని పైకి తెచ్చుకోవచ్చని చెప్పింది. మధ్యలో ఫ్రిజ్జులాంటి యంత్రం ఒకటి. ఏసీకి పట్టే కరెంటులో సగం చాలు.

బోర్లకు, ఇలాంటి పని ముందు చేసినవాళ్లనే పిలుద్దామంది ఇంజినీరమ్మ. అక్క ఒప్పుకోలేదు.

"నా తమ్ముడుండగా నా పెరట్లో ఇంకొకడు తవ్వడమేంటమ్మా?"

పాతాళం పైకి అనలేదు గాని అతని మనసులోనూ అదే ఉంది.

ఇంటి ముందు దారి సన్నం, బోరు వేసే బండి పట్టదు. వెనకనున్న ఖాళీ స్థలంలోంచి, పెరటి గోడ కూల్చి లోపలికి తెచ్చారు. ఆరు రోజుల్లో మూడు బోర్లూ నిలువుగా, వంకర లేకుండా దిగాయి. పైపులు దింపాక చుట్టూ ఉన్న ఖాళీని సిమెంటు, బంకమట్టి కలిపిన చిక్కటి ముద్దతో అడుగునుంచి పైదాకా నింపాలని ఇంజినీరమ్మ ఇచ్చిన కాగితంలో రాసుంది. బస్తాలు వచ్చాయి. ఆ రోజు ఇంజినీరమ్మ ఇంకో ఊళ్లో పనిమీద ఉంది.

పాతాళం బస్తాల వంక చాలాసేపు చూశాడు. ముప్పై ఒక్కేళ్లుగా అతను పైపు చుట్టూ గులకరాళ్లు పోస్తున్నాడు. గులక పోస్తేనే ఊట లోపలికి వస్తుంది, బోరు బతుకుతుంది. బోరు నోట్లో సిమెంటు కుక్కడమంటే అతనికి బతికున్న మనిషి ముక్కు మూసినట్టు అనిపించింది. చదువుకున్న పిల్ల, మట్టి గురించి ఏం తెలుసు అనుకున్నాడు. బస్తాలు తన షెడ్డుకు పంపేసి, గులక తెప్పించాడు. ఎక్కడైనా ఒకసారి కడుగుతాడు, అక్క ఇల్లని రెండుసార్లు కడిగించాడు.

సాయంత్రం ఇంజినీరమ్మ ఫోను చేసింది. "నింపడం అయిందా అన్నా?"

"నిండుగా" అన్నాడు.

చలికాలం ఇబ్బంది లేకుండా గడిచింది. అప్పట్లో చలీ పెద్దగా లేదు. ఎండలు ముదిరిన నాలుగో రోజు గదిలో థర్మామీటరు ముప్పై ఒకటి చూపించింది. యంత్రం కాసేపు తిరిగి దానంతట అదే ఆగిపోతోంది. ఇంజినీరమ్మ వచ్చి పంపు చూసింది, కారడం ఎక్కడా లేదంది. కిందికి నలభై ఒక్క డిగ్రీలతో వెళ్లిన నీళ్లు ముప్పై తొమ్మిదితో తిరిగొస్తున్నాయి.

"వేడి మట్టిలోకి దిగడం లేదన్నా. పైపుల చుట్టూ ఏం పోశారు?"

"గులక."

ఆమె తలెత్తి అతని వంక చూసింది.

"రెండుసార్లు కడిగిన గులకమ్మా."

"నూట నలభై అడుగుల దాకా నీళ్లే లేవు కదన్నా. ఆ పైనంతా రాళ్ల మధ్య గాలే. ఫ్లాస్కులో వేడినీళ్లు పోసి మూత పెట్టినట్టయింది."

"నీళ్లు పోస్తే?"

"పోసి చూడండి. నిలవవు."

వంటింటి కిటికీ దగ్గర తడిగుడ్డ పిండుతూ అక్క అంతా విన్నది. "తెలియకపోతే అడగాల్సింది కదరా" అంది.

"తెలుసక్కా. కాగితంలో ఉంది."

అక్క గుడ్డ తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదనుకున్నాడు.

గులక నిండిన బోరులోకి ఇప్పుడు ఆ సిమెంటు ముద్ద దిగదు, మళ్లీ తవ్వడానికి బండి తెచ్చే దారి లేదు. వెనక ఖాళీ స్థలంలో ఈ ఆరు నెలల్లో రెండంతస్తుల ఇల్లు లేచింది, అందులోకి జనం దిగారు. అందుకే మంగళవారం పొద్దున్నే పాతాళం బోర్ల మూతులదాకా మట్టి తీసి, ట్యాంకరు పిలిపించి, నీళ్లు పొయ్యడం మొదలుపెట్టాడు. పన్నెండింటికి తిరిగొచ్చే నీళ్లు ముప్పై ఆరుకు దిగాయి. అతను మరింత వేగంగా పోశాడు. మూడింటికి మళ్లీ ముప్పై తొమ్మిది. పోసిందంతా జల్లెట్లో పోసినట్టు కిందికి జారిపోయింది.

చేతులు కడుక్కుని గదిలోకి వెళ్లాడు. బావ ఒళ్లు కాలిపోతోంది, నుదుటి మీద తడిగుడ్డ ఉంది.

"ఏం బావమరిదీ, నీళ్లు పడ్డాయా?"

"పడలేదు బావా. నేనే పోశాను."

"మంచిపని చేశావు. ఇన్నేళ్లకి గ్యారంటీగా నీళ్లున్న బోరు వేశావు." కళ్లు మూసుకునే అన్నాడు. "మీ అక్కని ఏమీ అనకు. ఆ ఇంజినీరమ్మనీ అనకు."

"నేనెవర్నంటాను బావా."

"మరి నిన్ను నేను అనాలా?"

"అను."

బావ ఫ్యాను వైపు తల తిప్పి మంచినీళ్లడిగాడు. పాతాళం స్పూనుతో తాగించి, దిండు మీద పడ్డ చుక్కలు తుడిచాడు.

ఆ సాయంత్రం జ్వరం నూట మూడు దాటింది. డాక్టరు వచ్చి వార్డుకు చీటీ రాశాడు. అక్క ఆ చీటీని రెండు రోజులు బియ్యం డబ్బా మీద పెట్టి అటూ ఇటూ తిరిగింది. గురువారం గదిలో ముప్పై మూడు చూపించాక, తనే ఫోను చేసి మంచం ఖాయం చేసుకుంది.

శుక్రవారం ఎండెక్కకముందే ఆసుపత్రి బండి వచ్చింది. స్ట్రెచరు తలవైపు పాతాళం పట్టుకున్నాడు. సన్నటి దారిలో మలుపు తిరగక, ఒకచోట నిలువుగా ఎత్తాల్సి వచ్చింది. వార్డులో ఎనిమిది మంచాలు. బావది తలుపు పక్కనున్న ఆరో మంచం. ఇంటినుంచి రెండు బస్సులు మారాలి. చూడ్డానికి నాలుగు నుంచి ఐదు వరకే రానిస్తారు.