పండ్ల పెద్దులు తీర్పు

పెద్దులుకు మనుషుల మొహాలు గుర్తుండవు, పండ్లు గుర్తుంటాయి.

తిరుమలగిరి దగ్గరి ఆ ఊళ్ళో ఆయన నలభై ఏళ్ళుగా గొర్లు కాస్తున్నాడు. గొర్రె వయసు తెలియాలంటే నోరు తెరిచి పండ్లు చూడాలి. ఆ అలవాటు గొర్ల దగ్గర ఆగలేదు. ఎవరెదురుపడినా బాగున్నవా అని అడగడు, "జర నోరు తెరువు" అంటాడు. చూసి, ఆ మనిషి ఏం తినడానికి పుట్టాడో తీర్పు చెబుతాడు. టికెట్ అని నోరు తెరిచిన పాపానికి బస్సు కండక్టర్ "నీది కుందేలు నోరు, ముల్లంగి తిను" అనిపించుకున్నాడు. ఒకసారి పెళ్ళిచూపులకు వచ్చిన అబ్బాయి ఎంతకీ పెదవి విప్పకపోతే, మూగవాడేమోనని పిల్ల తరఫువాళ్ళు కంగారుపడ్డారు. ఎదురుగా పెద్దులు కూర్చుని ఉన్నాడు, అదీ సంగతి.

ఉమారాణి కల్వకుర్తి నుంచి బదిలీ మీద ఆ ఊరి హైస్కూలుకు సైన్స్ టీచరుగా వచ్చింది. "పండ్ల పెద్దులు" అన్న పేరు విని అరటిపండ్లు అమ్ముతాడనుకుని డజను ఎంతని అడిగింది.

"డజను గాదు మేడమ్, ముప్పై రెండు ఉండాలె. నోరు తెరువు, లెక్కవెడ్త," అన్నాడాయన.

లెక్కపెడితే పెట్టాడు, ఆమెకు ఒళ్ళు మండింది తీర్పుల దగ్గర. కిరాణా కొట్టు ఐలేశంది మేక నోరట, ఆకులే తినాలట. ఐలేశం తమ్ముడిది పులి నోరట. ఒక్క తల్లి బిడ్డలు, ఒక్కలాంటి పండ్లు! పదేళ్ళు సైన్స్ చెప్పిన మనిషి ఎలా ఊరుకుంటుంది?

అవకాశం పదో తరగతిలో వచ్చింది. జీర్ణవ్యవస్థ పాఠం జరుగుతుంటే మమత లేచింది. కూలికి పోయే నర్సింగమ్మ బిడ్డ, క్లాసులో ఫస్టు.

"మేడమ్, మనిషి శాకాహారి అట. ఫోన్ల చూసిన. పేగులు పొడుగుంటయట, కోరపండ్లు చిన్నగుంటయట. అందుకే నేను గుడ్డు గూడ బంద్ జేసిన."

నిజమే. మధ్యాహ్నం బడిలో పెట్టే గుడ్డును ఆ పిల్ల తినకుండా డబ్బాలో వేసుకుపోతోంది, కుక్కకు పెడతానంటూ.

"సరే, శనివారం తేల్చుకుందాం," అంది ఉమారాణి, పెద్దులుకు కబురు పంపింది.

శనివారం పెద్దులు తెల్లటి తలపాగా చుట్టి, పొట్టేలుతో, కుక్కతో బడికి వచ్చాడు. హెడ్‌మాస్టరు స్వాగతం చెప్పబోయి, ఎందుకైనా మంచిదని చేతులు మాత్రం జోడించాడు.

పెద్దులు పొట్టేలు పెదవి ఎత్తాడు. "చూడుండ్రి. ముందట పైపండ్లే లేవు. గడ్డి తెంపుతది, మింగుతది, మళ్ళ నెమరేస్తది. దీని కడుపుల నాలుగు గదులుంటయి. గిది కుక్క. ఇది నమలదు, చీల్చి మింగుడే."

"మరి మనిషి తాతా?"

"నడిమిట్ల."

ఉమారాణి ఆశ్చర్యపోయింది. తను చెప్పాల్సిందీ అదే. గొర్రె పేగుల కన్నా మన పేగులు చాలా పొట్టి, కుక్కవాటి కన్నా పొడుగు అని బోర్డు మీద గీసింది. మన దగ్గరి చుట్టం చింపాంజీ ఎక్కువగా పండ్లూ ఆకులే తింటుంది, అప్పుడప్పుడు వేటాడుతుంది అని చెప్పింది. "మరి పెద్ద కోరలు లేకుండా మాంసం ఎలా తింటున్నాం? నిప్పు దొరికింది, వండుకోవడం నేర్చాం."

"అంతేనమ్మా," అన్నాడు పెద్దులు. "మనిషి పండ్లు సగం నోట్ల ఉన్నయి, సగం పొయ్యిల ఉన్నయి."

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఉమారాణి కూడా కొట్టింది.

"అయితే మాంసం తినాల్నా, వద్దా మేడమ్?" అంది మమత.

"తినొచ్చు, మానొచ్చు. మానితే పప్పులు, ఆకుకూరలు, పాలు బాగా తినాలి."

అంతలో పెద్దులు మమత నోరు తెరిపించాడు. చిగుళ్ళు చూశాడు. కింది కనురెప్ప లాగి చూశాడు. "నీది అచ్చం పులి నోరు బిడ్డా! నీకు గొర్రె కార్జం వడాలె, వారం వారం."

"తాతా!" ఉమారాణి గొంతు లేచింది. "ఇప్పుడే గదా నడిమిట్ల అన్నవు! అందరి ముందట మాట మారుస్తవా?"

పిల్లలు గొల్లుమన్నారు. పెద్దులు తల గోక్కుని, పొట్టేలును తోలుకుని వెళ్ళిపోయాడు.

కోపం చల్లారక ఉమారాణి బడి వదలగానే ఆయన ఇంటికి బయలుదేరింది. వాకిట్లో మమత తల్లి నర్సింగమ్మ నిలబడి ఉంది. పెద్దులు కార్జం కట్టిన మోదుగాకు పొట్లం ఆమె ముందు పట్టుకుని బతిమాలుతున్నాడు.

"నాకెందుకు పెద్దయ్యా! ఊకె ఇస్తె నేను తీసుకోను."

"ఊకె ఎవడిస్తుండు? బడిల నా ఇజ్జత్ పోయింది. నీ బిడ్డది పులి నోరని రుజువు జెయ్యాలె. రెండు నెల్లు తినిపియ్యి. నువ్వూ తిను, తల్లి నోరే బిడ్డకొస్తది."

ఉమారాణి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. పెద్దులు భార్య గుర్వమ్మ ఆమె చెయ్యి పట్టి పక్కకు తీసుకుపోయింది.

"రక్తం తగ్గితె గొర్రెకు పండ్ల ఇగుర్లు తెల్లవడ్తయి మేడమ్. మనుషులకు గూడ గదే చూస్తడు. నర్సింగమ్మ జ్వరం వడి లేచింది. ఆ పిల్ల గుడ్డు తల్లికి తీస్కపోతాంది. కుక్కా లేదు, పాడూ లేదు."

"మరి ఐలేశం?"

"దవాఖానల మాంసం తగ్గియ్యమన్నరు, ఇన్లే. మేక నోరు అనంగనే ఇన్నడు."

ఇంతలో నర్సింగమ్మ ఉమారాణిని చూసింది. "మేడమ్, మీరు సదువుకున్నోళ్ళు. మా మమతది నిజంగనే పులి నోరా? మీరు గాదంటె పొట్లం ఈడనే పెట్టిపోత."

ఉమారాణి పదేళ్ళ సైన్స్ గొంతులో అడ్డం పడింది.

"అక్కా," అంది చివరికి, "గిన్ని నోర్లు చూసిన మనిషి ముందట నేనెంత? మమతకు కార్జం కావాలె. గది మాత్రం పక్కా. రేపు ఇద్దరినీ దవాఖానకు నేను తీస్కపోత, రక్తం పరీక్ష గూడ చేపిద్దాం. తాత గెలుస్తడో ఓడుతడో చూడాలె గదా!"

నర్సింగమ్మ తలెత్తుకుని పొట్లం అందుకుంది, పెద్దాయన పరువు నిలబెట్టే మనిషిలాగా.

పరీక్షలో మమతకు రక్తం ఎనిమిదే ఉంది, తల్లికీ తక్కువే. ఇద్దరికీ మాత్రలు ఇచ్చారు. కార్జం, మునగాకు, పల్లీలు, బెల్లం అన్నీ కలిసి రెండు నెలల్లో మమతకు పదకొండు దాటించాయి. మమత తన గుడ్డు తాను తింటోంది.

ఒక సాయంత్రం ఉమారాణి తిరుమలగిరిలో ఊరికి పోయే బస్సు కోసం నిలబడి ఉంటే, హోటల్ ముందు పెద్దులు మీసం దువ్వుతూ పదిమందికి చెబుతున్నాడు. "సైన్సుల నాతోని పోటీ వెట్టుకున్నది మేడమ్. ఓడిపోయింది. మంచి మనిషి, ఓడిపోయినా ఒప్పుకున్నది!"

అందరూ ఆమె వైపు తిరిగారు. "నిజమేనా మేడమ్?"

"నిజమే," అంది ఉమారాణి, జిల్లా ఫస్టు వచ్చినంత గర్వంగా.

బస్సు వచ్చింది. ఊరి పేరు చెప్పి టికెట్ తీసుకుంటుంటే, "పండ్ల పెద్దులు ఊరేనా?" అన్నాడు కండక్టర్, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని.

"అవును," అంది ఆమె. "మా పెద్దులే."