లచ్చవ్వ చూపు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, వానాకాలం. సూరత్‌లో మా పట్టణ మానవ హక్కుల కమిటీలో నేను కేస్ వర్కర్‌ని. అంటే ఫిర్యాదు చేసినవాళ్ల గడపకు వెళ్లి, జరిగింది కనుక్కుని, కమిటీ ముందు పెట్టే మనిషిని. ఊరి పక్క హజీరా ఫ్యాక్టరీలో మా ఆయన ఉద్యోగం పుణ్యమా అని గుంటూరు నుంచి ఇక్కడికి వచ్చాను. దాంతో తెలుగువాళ్ల ఫిర్యాదులన్నీ నా నెత్తికే చుట్టుకునేవి.

లచ్చవ్వది సిరిసిల్ల వైపు. అమ్రోలిలో మరమగ్గాల వెనక ఒక గల్లీలో మెస్ నడిపేది. మగ్గాల మీద పనిచేసే మనవాళ్లకు రెండు పూటలా వండిపెట్టడమే ఆమె బతుకుతెరువు.

"మేడమ్, నాతోని ఎవ్వలు మాట్లాడుతలేరు. నా చేతి బువ్వ తింటలేరు. జర వచ్చి చూడుండ్రి," అంది మా ఆఫీసుకొచ్చి.

దీన్ని మా భాషలో సోషల్ బాయ్‌కాట్ అంటాం. తెలుగులో వెలి. వెలి అంటే తిట్లు, నల్లా దగ్గర కొట్లాట ఉంటాయనుకుని గొంతు సవరించుకునే వెళ్లాను.

అవేమీ లేవు. గల్లీలో పిల్లలు గోలీలాడుతున్నారు. నా ముందు నడుస్తున్న లచ్చవ్వను చూడగానే అందరూ ఆట ఆపి లేచారు. గోడకు మొహం పెట్టి నిలబడ్డారు. ఎవరూ గదమలేదు, ఎవరూ చెప్పలేదు. ఆమె దాటగానే మళ్లీ కూర్చుని ఆడుకున్నారు. గోడ అవతల మగ్గాలు ఖటాఖటా కొట్టుకుంటూనే ఉన్నాయి. నాకు ఆ ఉక్కపోతలో చలి పుట్టింది.

సంగతి మెల్లగా బయటపడింది. ఆమె మెస్‌లో తినే ఇద్దరు కుర్రాళ్లు దగ్గి దగ్గి చిక్కిపోయారు. ఒకడు ఊరికి వెళ్లి చనిపోయాడు. ఎదురింటి రజిత బిడ్డను లచ్చవ్వ ఎత్తుకుని ముద్దాడిన రోజే ఆ బిడ్డ వాంతులు చేసుకుంది. ఇంకేముంది, లచ్చవ్వ మంత్రం చేస్తుందని, అదంతా ఆమె చూపులోనే ఉందని గల్లీ తేల్చేసింది.

కమిటీ అధ్యక్షుడు హస్‌ముఖ్‌భాయ్ రిటైరైన గుజరాతీ మాస్టారు. మగ్గాలకు సెలవున్న రోజు గల్లీలోనే హియరింగ్ పెట్టించాడు. రెండు పక్షాలనూ ఎదురెదురుగా కూర్చోబెట్టి వినడమన్నమాట. గల్లీ పెద్దమనిషి సత్తయ్య చేతులు జోడించాడు.

"మాకేం కోపం లేదు మేడమ్. లచ్చవ్వ మా ఇంటి మనిషి లెక్క."

"అయితే ఆమె పెట్టిన చాయ్ తాగండి," అన్నాను.

లచ్చవ్వ అందరి ముందూ గ్లాసులు పెట్టింది. "ఇప్పుడే తాగినం మేడమ్," అన్నాడు సత్తయ్య. అందరిదీ అదే మాట. మగ్గాల చప్పుడు లేని ఆ గల్లీలో అంతమంది గ్లాసుల వంక చూడకుండా కూర్చున్నారు. చాయ్ మీద తొరక కట్టింది. నేనూ హస్‌ముఖ్‌భాయ్ మా గ్లాసులు ఖాళీ చేస్తుంటే మాత్రం కళ్లార్పకుండా చూశారు. నాకు ఒళ్లు మండింది.

"ఏంటి, పడిపోతామని చూస్తున్నారా?" అన్నాను. ఎవరూ నవ్వలేదు. వాళ్లు నిజంగానే అందుకే చూస్తున్నారు.

అందరూ వెళ్లాక లచ్చవ్వ నన్ను లోపలికి పిలిచింది. గదిలో పట్టపగలే చీకటి. గల్లీ వైపు కిటికీకి పాత చీర అడ్డం కట్టి, అంచులకు మేకులు కొట్టి ఉంది.

"ఎవరు కొట్టారు?"

"నేనే. పిల్లగాండ్లు కనవడొద్దని." ఆగి, నా చెయ్యి పట్టుకుంది. "మేడమ్, మీ కమిటీ ముద్ర ఏసి ఒక కాయితం ఇయ్యుండ్రి. నా చూపుల ఏం లేదని. మంచిగ చూసి రాయుండ్రి. ఉన్నదంటే అది గూడ రాయుండ్రి."

గల్లీ మొత్తం కలిసి పుట్టించని భయం ఆ ఒక్క మాట పుట్టించింది. కాగితం ఇవ్వలేదు. చూపులో ఏమీ లేదని రాస్తే, ఉండే వీలుందని మేమే ఒప్పుకున్నట్టు. ఇవ్వనందుకు ఆమె మొహం చూసి ఏడుపొచ్చింది.

తర్వాత చేయాల్సినవన్నీ చేశాం. ఆరోగ్య కార్యకర్తను వెంటబెట్టుకుని గదిగదికీ తిరిగాం. దగ్గుతున్న రెండో కుర్రాడికి టీబీ అని తేలింది. మందులు పడ్డాక ఒళ్లు చేశాడు. వెలి నేరమని హస్‌ముఖ్‌భాయ్ సత్తయ్యకు గట్టిగానే చెప్పాడు. చెప్పినందుకో, కుర్రాణ్ణి కళ్లారా చూసినందుకో, మెస్‌లో మొదటి పళ్లెం ముందు సత్తయ్యే కూర్చున్నాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. పిల్లలు గోడకు తిరగడం మానేశారు. దూరం పెట్టిన మనిషిని మళ్లీ కలుపుకోవడాన్ని మేం ఇన్‌క్లూజన్ అంటాం. అది జరిగిందని రాసి, సంబరంగా కేసు మూద్దామని చివరిసారి వెళ్లాను.

నేనుండగానే రజిత బిడ్డను తెచ్చి లచ్చవ్వ ఒళ్లో పెట్టింది. "పట్టుకో పెద్దమ్మా, ఏం గాదు. తప్పు మాదే."

లచ్చవ్వ బిడ్డను గుండెకు హత్తుకుంది. కళ్లు మాత్రం గట్టిగా మూసుకుంది. బిడ్డ చిట్టి చేత్తో ఆమె రెప్పల మీద తట్టింది. అయినా తెరవలేదు. "కండ్లు తెరువే పెద్దమ్మా," అని రజిత బతిమాలుతూ ఏడ్చేసింది.

వెలి వేసినవాళ్ల మనసు మార్చితే నా పని అయిపోతుందనుకునేదాన్ని. ఆ వెలి, దానికి గురైన మనిషి మనసులోకి వెళ్లి కూర్చుంటుందని, దాన్ని బయటికి రప్పించడానికి మా దగ్గర ఏ హియరింగూ లేదని ఆ రోజు తెలిసింది. కేసు మూయలేదు. ఇప్పటికీ వెళ్లి వస్తూనే ఉన్నాను.

"మేడమ్," అంది ఆ రోజు లచ్చవ్వ, కళ్లు తెరవకుండానే. "పిల్ల నవ్వుతాందా?"

నవ్వుతోందని చెప్పాను.